"గుణకర్మ విభాగశః" అంటే పుట్టుకతో పని లేదనా? వర్ణం, జాతి, కులం మీద సందేహాలు

తుంగభద్ర:
వర్ణాల మీద వాట్సాప్‌లో తిరిగే శ్లోకాలు ఓ నాలుగైదు ఉన్నాయి. అవే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఒక పక్షం వాళ్లు గీత 4.13 ("చాతుర్వర్ణ్యం మయా సృష్టం గుణకర్మ విభాగశః", నాలుగు వర్ణాలను గుణకర్మల విభజనతో నేనే సృష్టించాను) చూపించి "గుణాన్ని బట్టే వర్ణం, పుట్టుకను బట్టి కాదు" అంటారు. తోడుగా ఆపస్తంబుడి "ధర్మచర్యయా జఘన్యో వర్ణః", మనువు పదో అధ్యాయంలోని "శూద్రో బ్రాహ్మణతామేతి" పెడతారు. రెండో పక్షం వాళ్లు పురుషసూక్తంలోని "పద్భ్యాం శూద్రో అజాయత" పెట్టి, అంతా పుట్టుకే పొమ్మంటారు. ఇద్దరూ నంబర్లతో సహా చెబుతున్నారు కాబట్టి ఎవరిని నమ్మాలో తెలియడం లేదు.

అడగదలుచుకున్నవి ఇవి. ఈ శ్లోకాల్లో అసలు ఏముంది? వర్ణం, జాతి, కులం ఒకటేనా? మన తెలుగు కులాలు ఆ నాలుగు గళ్లలో ఎలా పడతాయి? ఒకరినొకరు తిట్టుకోకుండా, మూలం ముందు పెట్టుకుని చెప్పండి దయచేసి.

సూత్రధారి:
ఆపస్తంబుడితో మొదలుపెడతాను, కత్తిరింపు అక్కడ ఇట్టే దొరుకుతుంది. ధర్మసూత్రం 2.5.11.10 పూర్తి పాఠం ఇది: "ధర్మచర్యయా జఘన్యో వర్ణః పూర్వం పూర్వం వర్ణమాపద్యతే జాతిపరివృత్తౌ". వాట్సాప్‌లో చివరి మాట ఎగిరిపోతుంది. ఆ మాటే ప్రాణం. జాతిపరివృత్తి అంటే పుట్టుక మారడం. ధర్మంగా నడుచుకుంటే కింది వర్ణంవాడు పై వర్ణాన్ని పొందుతాడు, కానీ జన్మ మారినప్పుడు. ఆ వెంటనే ఉన్న సూత్రం, అధర్మంగా నడిస్తే పైవాడు కిందికి వస్తాడని, అదే షరతుతో చెబుతుంది. ఆర్యసమాజం వాళ్లు దీన్ని ఈ జన్మలోనే జరిగే మార్పుగా తీసుకున్నారు. అలా తీసుకోవాలంటే ఇదే గ్రంథం మొదట్లో ఉన్న 1.1.1.5ను దాటాలి: "తేషాం పూర్వః పూర్వో జన్మతః శ్రేయాన్". నాలుగింటిలో ముందుముందుది పుట్టుక చేతనే మేలైనదని మొదటి పేజీలో రాసుకున్నవాడు రెండో ప్రశ్నకు (ఆ గ్రంథంలో భాగాన్ని ప్రశ్న అంటారు) వచ్చేసరికి మాట మార్చాడంటే నమ్మడం కష్టం. ప్రవర చెప్పుకునేటప్పుడు "ఆపస్తంబ సూత్రః" అనే ఇళ్లు తెలుగునాట చాలా ఉన్నాయి. ఆ సూత్రాన్నే సగానికి కోసి పంచుకోవడం కాస్త వింతే.

ఇక మనువు 10.65. దీనికి ముందున్న 10.64 చదవకపోతే అర్థం తల్లకిందులవుతుంది. అక్కడి లెక్క ఇది. బ్రాహ్మణుడికి శూద్ర స్త్రీ వల్ల కూతురు పుట్టింది. ఆమెను బ్రాహ్మణుడు పెళ్లాడాడు. వాళ్ల కూతుర్ని మళ్లీ బ్రాహ్మణుడే పెళ్లాడాడు. ఇలా తెగకుండా సాగితే ఏడో తరానికి ఆ సంతతి బ్రాహ్మణ జాతి అవుతుంది. "శూద్రో బ్రాహ్మణతామేతి" ఆ లెక్కకు ముగింపు. యాజ్ఞవల్క్య స్మృతి 1.96 ఇదే సంగతిని ఏడో తరం లేదా అయిదో తరం అని చెబుతుంది. అంటే ఇది చదువుతోనో నడవడితోనో ఎదగడం గురించి కాదు, నెత్తురు లెక్క. గుణవాదానికి సాక్ష్యంగా పిలుచుకొచ్చిన శ్లోకం ఎదుటి పక్షం సాక్షి అన్నమాట.

గీత 4.13 వీటికంటే చిక్కుది. ముందు "గుణం" అనే మాట చూడండి. "ఆయన గుణం మంచిదండీ" అని మనం అనే గుణం కాదు అది. సత్త్వరజస్తమస్సులు. గుణాలు మూడు, వర్ణాలు నాలుగు, మరి ఎలా పంచుతారు? శంకరుల భాష్యం చూస్తే: బ్రాహ్మణుడికి సత్త్వం ప్రధానం. క్షత్రియుడికి రజస్సు ప్రధానం, దాని వెనక సత్త్వం. వైశ్యుడికి రజస్సే ప్రధానం, వెనక తమస్సు. శూద్రుడికి తమస్సు ప్రధానం, వెనక రజస్సు. సరే, ఎవరిలో ఏ గుణం ఉందో ఎప్పుడు తేలుతుంది? 4.13 చెప్పదు. 18.41లో "స్వభావప్రభవైర్గుణైః" అని వస్తుంది. అక్కడ స్వభావానికి శంకరులు చెప్పిన అర్థాల్లో ఒకటి, వెనకటి జన్మల సంస్కారం ఈ జన్మలో పైకి రావడం. అంటే ఆ సంప్రదాయంలో గుణం, పుట్టుక ఒకదానికొకటి ఎదురు కావు. గుణం కారణం, పుట్టుక దాని ఫలం. "గుణమా, పుట్టుకా?" అని రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టడం మనకాలపు పద్ధతి.

భాష్యాలు వద్దు, మూలం చాలు అంటే "జన్మ" అనే మాట 4.13లో లేదు, నిజమే. కానీ అప్పుడు 18.47 అడ్డొస్తుంది. "శ్రేయాన్ స్వధర్మో విగుణః", అంటే పరధర్మాన్ని చక్కగా చేయడం కంటే తన ధర్మాన్ని లోపంతో చేయడమే మేలు. సామర్థ్యాన్ని బట్టే స్వధర్మం ఏర్పడితే, తన పని చేతకానివాడు కూడా అందులోనే ఉండాలనడంలో అర్థం ఏముంది? దీనికి జవాబు చెప్పని గుణవాదం నాకు సగం వాదంలా కనిపిస్తుంది. మరో సంగతి, 4.13 రెండో సగం ఎవరూ చదవరు: "తస్య కర్తారమపి మాం విద్ధ్యకర్తారమవ్యయం". చేసినా చేయనివాణ్ణే అని చెప్పడం ఆ శ్లోకం పని. తర్వాతి శ్లోకం "న మాం కర్మాణి లింపంతి" అని ఆ దారినే పోతుంది. చాతుర్వర్ణ్యం అక్కడ ఉదాహరణగా వచ్చింది.

వెన్నెలదారి:
పురుషసూక్తం వదిలేశారు, నేను అందుకుంటాను. ఋగ్వేదం 10.90, పదహారు ఋక్కులు. గుళ్లలో మనం వినేది తైత్తిరీయ ఆరణ్యకం పాఠం, అందులో కొన్ని ఎక్కువ. పదకొండో ఋక్కు ప్రశ్న: పురుషుణ్ణి విభజించినప్పుడు ఎన్ని భాగాలుగా చేశారు, ఆయన నోరు ఏది, చేతులు ఏవి, తొడలు, పాదాలు ఏవి? పన్నెండోది జవాబు. విభక్తులు చూడండి. బ్రాహ్మణుడు ముఖం "ఆసీత్", అంటే నోరే ఆయన. రాజన్యుడు చేతులుగా చేయబడ్డాడు. వైశ్యుడే తొడలు. నాలుగోదానికి వచ్చేసరికి వాక్యం మారి పంచమీ విభక్తి: పాదాల నుంచి పుట్టాడు. "నోట్లోంచి బ్రాహ్మణుడు పుట్టాడు" అని ఋక్కులో లేదు, అది తర్వాత వాళ్లు అన్నింటినీ ఒక అచ్చులో పోయడం వల్ల వచ్చింది.

రెండు ఋక్కుల తర్వాత "పద్భ్యాం భూమిః" ఉంది. అవే పాదాల నుంచి భూమి కూడా పుట్టింది. సూక్తంలో "వర్ణం" అనే మాటే లేదు. "క్షత్రియుడు" కూడా లేడు, రాజన్యుడే ఉన్నాడు. వైశ్య, శూద్ర శబ్దాలు ఋగ్వేదం మొత్తంలో ఈ ఒక్కచోటే కనిపిస్తాయి.

అంతమాత్రాన హెచ్చుతగ్గులు లేవని నేను అనను. నోటిని, పాదాన్ని ఏరుకున్నప్పుడే వరస పడిపోయింది. ఆ వరసను విలువగా మార్చి విప్పి చెప్పింది మనువు. 1.92లో నాభికి పైభాగం ఎక్కువ పవిత్రమనీ, అందులో నోరు అన్నిటికంటే పవిత్రమనీ రాశాడు. సూక్తంలో ఉన్నది చిత్రం, మనువు ఇచ్చింది మార్కులు.

దీని పక్కన బృహదారణ్యకం 1.4.11 నుంచి 14 వరకు పెట్టి చదవండి. మొదట బ్రహ్మ ఒక్కటే ఉంది, అది చాలక క్షత్రాన్ని (పాలించే బలాన్ని) సృష్టించింది, అదీ చాలక విశ్‌ను (వైశ్య వర్గాన్ని), ఆ తర్వాత శౌద్రవర్ణమైన పూషణుణ్ణి. పూషణుడంటే ఈ భూమే, ఉన్నదాన్నంతటినీ పోషించేది ఇదే కనుక అంటుంది. రాజసూయంలో బ్రాహ్మణుడు క్షత్రియుడికి కింద కూర్చుంటాడని కూడా అక్కడే ఉంది. ఈ నాలుగూ చాలక చివరికి ధర్మాన్ని సృష్టించింది. అది క్షత్రానికి క్షత్రం, దాని బలంతో బలహీనుడు బలవంతుణ్ణి అదుపు చేయాలనుకుంటాడు. వర్ణాల మీద అంత లోతైన మాట ఇంకొకటి నాకు కనబడలేదు. వాట్సాప్‌కు మాత్రం ఇది ఎందుకో ఎక్కదు.

అక్షరాలబడి:
రెండో ప్రశ్నకు. సగం గందరగోళం తెలుగు వల్ల వస్తోంది, సంస్కృతంలోని మాటలు మన దగ్గరికి వచ్చేటప్పుడు ఇళ్లు మారాయి. సంస్కృతంలో "కులం" అంటే వంశం, కుటుంబం. గీత 1.40లో "కులక్షయే ప్రణశ్యంతి కులధర్మాః" అన్నప్పుడు అర్జునుడి బాధ తన వంశం పోతుందని. అక్కడ కులానికి మన కులం అని అర్థం రాస్తే తప్పు. మనం కులం అనేదానికి సంస్కృతంలో దగ్గరి మాట "జాతి". ఆ జాతి ఇప్పటి తెలుగులో "జాతీయ జెండా"లోకి వెళ్లిపోయింది. ఇక "వర్ణం" ఋగ్వేదంలో ఆర్యవర్ణం, దాసవర్ణం అని రెండుగానే వస్తుంది, నాలుగు కాదు.

వర్ణాలు నాలుగు, జాతులు లెక్కలేనన్ని. నాలుగు నుంచి అన్ని ఎలా వచ్చాయో మనువు పదో అధ్యాయం ఒక సూత్రం కట్టి చెబుతుంది. పై వర్ణం తండ్రి, కింది వర్ణం తల్లి అయితే అనులోమం. తిరగబడితే ప్రతిలోమం. నాలుగు వర్ణాలకు జతలు ఆరు, కాబట్టి అటు ఆరు, ఇటు ఆరు. బ్రాహ్మణ తండ్రి, వైశ్య తల్లి అయితే అంబష్ఠుడు. క్షత్రియ తండ్రి, బ్రాహ్మణ తల్లి అయితే సూతుడు. వైశ్య తండ్రి, క్షత్రియ తల్లి అయితే మాగధుడు. శూద్ర తండ్రి, బ్రాహ్మణ తల్లి అయితే చండాలుడు. ఆ తర్వాత ఈ మిశ్రమాలను మళ్లీ కలుపుతూ పోయాడు. పేర్లు చూస్తేనే కీలు ఎక్కడ ఊడుతుందో తెలుస్తుంది. మాగధుడు మగధ వాడు, వైదేహుడు విదేహ వాడు, నిషాదులు అడవి జనం. ఊరి పేరు, తెగ పేరు, వృత్తి పేరు ముందు నుంచీ ఉన్నాయి. వాటికి తల్లిదండ్రుల్ని తర్వాత వెతికి పెట్టారు.

10.4లో మనువు "నాస్తి తు పంచమః", అయిదోది లేదు పొమ్మంటాడు. చండాలుల నివాసం ఊరి బయట ఉండాలని 10.51లో రాసింది కూడా ఆయనే. లేదన్న అయిదోదానికి చోటు మాత్రం చూపించాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాల్లో "పంచములు" అని రాసిన మాట అక్కడి నుంచే. 1917లో బెజవాడలో పంచమ మహాసభ అని పిలిచి కూర్చున్న సభలో, అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డివర్మ ఆ పేరునే కాదన్నారు. సభ ఆదిఆంధ్ర మహాసభ అయింది. శాస్త్రం లేదన్న అంకెను జనం మీద రుద్దితే, ఆ జనమే దాన్ని చెరిపేశారు.

చెరువుకట్ట:
మూడోదానికి చిన్న జవాబు: సర్దుకోవు.

పెద్ద జవాబు ఇదిగో. గంగా మైదానంలో కట్టిన నాలుగు గళ్లు గోదావరి కిందకు వచ్చేసరికి సరిగ్గా కూర్చోలేదు. ఇక్కడ భూమి, ఆయుధం, రాజ్యం ఉన్న కుటుంబాలు చాలావరకు క్షత్రియులమని చెప్పుకోలేదు, నాలుగో వర్ణం వాళ్లమనే శాసనాల్లో రాయించుకున్నాయి, అదీ గర్వంగా. సింగయ నాయకుడి అక్కలపూండి శాసనం (1368) చూడండి. మొదటి మూడు వర్ణాలూ భగవంతుడి ముఖం, బాహువులు, తొడల నుంచి పుట్టాయి, వాటిని నిలబెట్టడానికి పాదాల నుంచి నాలుగోది పుట్టింది. ఆ మూడింటికంటే ఇదే పవిత్రం, మూడు లోకాల్నీ శుద్ధి చేసే గంగ కూడా ఆ పాదాల నుంచే పుట్టింది కనుక. వెన్నెలదారి గారు పైన చెప్పిన మనువు 1.92 తర్కాన్ని ఇది తలకిందులుగా పట్టుకుంది. సూక్తాన్ని కాదనలేదు, పాదం అంటే ఏమిటన్నది మాత్రం మార్చేసింది.

కాకతీయుల సంగతీ అంతే. సూర్యవంశం అని చెప్పే శాసనాలూ ఉన్నాయి, చతుర్థ కులం అని చెప్పేవీ ఉన్నాయి. ఏ శాసనం ఎవరు రాయించారు, ఎవరికి వినిపించడానికి అన్నది చూడకుండా ఒక్కదాన్ని పట్టుకుని "ఇదే వాళ్ల వర్ణం" అనకూడదు.

ఇప్పుడు పేపర్లలో రాసే "అగ్రవర్ణాలు" మరో తమాషా. ఆ జాబితాలో ఎక్కువ కులాలు ధర్మశాస్త్రం లెక్కలో నాలుగో వర్ణమే. ఆ మాటకు ఈరోజు అర్థం రిజర్వేషన్ జాబితాల్లో లేనివాళ్లు అని, అంతే. ప్రభుత్వ జాబితాలు ఎస్సీ, ఎస్టీ, బీసీ ఏ నుంచి ఈ దాకా అన్నీ జాతుల పేర్లతోనే నడుస్తాయి. కుల ధ్రువపత్రంలో వర్ణానికి గడి లేదు. 1901 జనాభా లెక్కల్లో, వాటి కమిషనర్ రిస్లీ కులాలను సామాజిక వరసలో పేర్చబోయాడు. దాంతో మా కులాన్ని పై మెట్టులో రాయండని అర్జీల మీద అర్జీలు వచ్చాయి. మన కులపురాణాలు చాలావాటికి అచ్చు రూపం వచ్చింది ఆ హడావిడి రోజుల్లోనే.

తుంగభద్ర:
అందరికీ ధన్యవాదాలండి. అయితే గుణవాదానికి ఎక్కడా గట్టి ఆధారం లేనట్టేనా? భారతంలో ఉందని విన్నాను.

వెన్నెలదారి:
ఉంది, చాలా గట్టిగా ఉంది. వనపర్వంలో కొండచిలువగా ఉన్న నహుషుడు బ్రాహ్మణుడెవరని అడిగితే, సత్యం, దానం, క్షమ, శీలం ఎవరిలో కనిపిస్తే వాడే అంటాడు ధర్మరాజు. శూద్రుడిలో అవి కనిపిస్తేనో అని పాము పట్టుకుంటుంది. అయితే వాడు శూద్రుడు కాడు, అవి లేని బ్రాహ్మణుడు బ్రాహ్మణుడు కాడు అని జవాబు. పైగా వర్ణాలన్నీ కలిసిపోయాయి కాబట్టి మనుషుల్లో జాతిని తేల్చడం కష్టమంటాడు. యక్షప్రశ్నల్లోనూ ద్విజత్వానికి కారణం కులమా, చదువా అంటే, రెండూ కాదు, "వృత్తమేవ", నడవడే అంటాడు. శాంతిపర్వంలో భృగువు వర్ణాలకు తెలుపు, ఎరుపు, పసుపు, నలుపు రంగులు చెబుతాడు. భరద్వాజుడు ఊరుకోడు. కామం, కోపం, భయం, ఆకలి అందరికీ ఒకటే అయితే వర్ణభేదం ఎక్కడిదని అడుగుతాడు. "న విశేషోఽస్తి వర్ణానాం" అని భృగువు ఒప్పుకుంటాడు. మొదట అంతా బ్రాహ్మమే, పనుల వల్ల వర్ణాలయ్యాయట.

వజ్రసూచికోపనిషత్తు ఇంకా కటువు. బ్రాహ్మణుడంటే జీవుడా, దేహమా, జాతా, జ్ఞానమా, కర్మా, ధార్మికుడా అని ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టేస్తుంది.

సూత్రధారి:
ఇవన్నీ నిజమే. కానీ అదే భారతంలో, ఉద్యోగపర్వంలో, ధృతరాష్ట్రుడు ఇంకా చెప్పమంటే విదురుడు ఏమన్నాడో చూడండి: "శూద్రయోనావహం జాతః", నేను శూద్ర స్త్రీకి పుట్టాను, ఇంతకు మించి చెప్పను. అని, మిగతాది చెప్పడానికి సనత్సుజాత మునిని తలుచుకుంటాడు. నడవడే వర్ణమైతే విదురుడి నోరు ఎందుకు కట్టుబడింది?

నీతి చెప్పే చోట ఒక స్వరం, అధికారం తేల్చే చోట ఇంకొకటి. అధికారం అంటే ఎవరు ఏ కర్మ చేయవచ్చు అన్నది. అది తేల్చేది మీమాంస, అంటే వేదవాక్యాల అర్థాన్ని విచారించే శాస్త్రం. అగ్ని ఆధానం (యజ్ఞాల కోసం అగ్నిని నెలకొల్పడం) బ్రాహ్మణుడు వసంతంలో, రాజన్యుడు గ్రీష్మంలో, వైశ్యుడు శరత్తులో చేయాలని వేదవాక్యం. నాలుగోవాడికి ఋతువు చెప్పలేదు కనుక అధికారం లేదని మీమాంసా సూత్రకారుడు జైమిని ఆరో అధ్యాయం మొదటి పాదంలో తేల్చాడు. విశేషం ఏమిటంటే, అందరికీ అధికారం ఉందన్న బాదరి మతాన్ని కూడా అక్కడే పేరు పెట్టి చెప్పాడు. అంటే ఆ వాదన అప్పుడే ఉంది, ఓడిపోయింది. అదే పాదంలో రథకారుడు, అంటే రథాలు చేసేవాడు, అడ్డొస్తాడు. వర్షర్తువులో రథకారుడు ఆధానం చేయాలని శ్రుతి ఉంది, పైగా అతను మూడు వర్ణాల్లో లేడు. వాక్యం స్పష్టంగా ఉంది కాబట్టి అధికారం ఇవ్వక తప్పలేదు. బ్రహ్మసూత్రాలు 1.3.34 నుంచి 38 వరకు ఇదే తీర్పు వేదాంతానికి వచ్చింది. ఛాందోగ్యోపనిషత్తులో రైక్వుడు జానశ్రుతి అనే రాజును "శూద్రా" అని పిలిచి మరీ విద్య చెప్పాడే అంటే, అది జాతి కాదు, శోకంతో వచ్చినవాడని వ్యుత్పత్తి తీశారు. ఇతిహాస పురాణాలు మాత్రం నాలుగు వర్ణాలకూ వినిపించవచ్చని శంకరులు అక్కడే ఒప్పుకున్నారు.

ఇంకొకటి. మనువు 8.337, 338 చూపించి "దొంగతనానికి శూద్రుడి పాపం ఎనిమిది రెట్లు, బ్రాహ్మణుడికి అరవై నాలుగు, చూశారా న్యాయం" అంటారు. అదే అధ్యాయంలో 8.270 శూద్రుడు ద్విజుణ్ణి తిడితే నాలుక కోయమంటుంది. ఒకటి పెట్టి ఇంకొకటి దాచేవాళ్లు ఏ పక్షంవాళ్లయినా నమ్మకండి.

చెరువుకట్ట:
గుణవాదానికి అసలు చిక్కు అంబేద్కర్ 1936లోనే చెప్పారు. గుణం బట్టే పంచుతామన్నా మనుషుల్ని నాలుగు రకాలుగా ఎవరు తూకం వేస్తారు, తూకం మారితే ఎవరు దింపుతారు? దండన లేకుండా ఆ ఏర్పాటు నిలబడదనడానికి శంబూకుడి కథనే చూపించారు. పుట్టుక వాదాన్ని ఖండించడం అందరికీ వచ్చు, గుణవాదుల్ని ఈ ప్రశ్న అడిగేవాళ్లే తక్కువ.

తుంగభద్ర:
చివరిగా ఒకటి. "జన్మనా జాయతే శూద్రః సంస్కారాద్ద్విజ ఉచ్యతే" మనుస్మృతిలో ఏ నంబరు?

అక్షరాలబడి:
ఏ నంబరూ కాదండి, మనుస్మృతిలో ఆ శ్లోకం లేదు. స్కాందపురాణం నాగరఖండంలో ఉంది. దీనికి కవల లాంటిది అత్రి స్మృతిలో ఉంది: "జన్మనా బ్రాహ్మణో జ్ఞేయః సంస్కారైర్ద్విజ ఉచ్యతే". పుట్టుకతో బ్రాహ్మణుడని తెలుసుకోవాలి, సంస్కారాలతో ద్విజుడంటారు. రెండు శ్లోకాలకూ తేడా రెండు మూడు మాటలే, అర్థం అటుది ఇటు. ఈసారి ఎవరైనా పంపితే గ్రంథం పేరు, అధ్యాయం, ముందు శ్లోకం, తర్వాతి శ్లోకం అడగండి. ముందుదీ తర్వాతదీ అడగ్గానే సగం మంది జవాబివ్వరు.